ఆ ఇరవై మార్కుల సంగతి

పోయిన పేరెంట్స్ మీటింగులో నా టేబుల్ ముందు ఎప్పుడూ లేనంత క్యూ. ఇంగ్లీషు టీచరు దగ్గరికి మామూలుగా ఎవరూ పనిగట్టుకుని రారు. మ్యాథ్స్, ఫిజిక్స్ టేబుళ్ల దగ్గర మాట్లాడటం అయ్యాక, ఇంకా టైం ఉంటే, పోతా పోతా "మావోడు ఇంగ్లీషులో మాట్లాడతాండాడా మేడం?" అని ఒక మాట అడిగి వెళ్తారు. ఈసారి తొమ్మిదో తరగతి తల్లిదండ్రులు నేరుగా నా దగ్గరికే వచ్చారు. అందరి చేతిలో ప్రోగ్రెస్ కార్డు, అందరి వేలూ ఒకే గడి మీద. గండికోట ప్రాజెక్టు, ఇరవైకి ఎన్ని.

ఆ రోజు ఒక్కొక్కరికి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లీషు టీచరు కదా, ఇంగ్లీషు పేజీలో రాయమన్నారు ప్రిన్సిపాల్ సార్. తెలుగు పేజీ అయితే ఇంట్లో అవ్వా తాతా కూడా చదువుతారని నేనే ఇటు వచ్చాను.

జరిగింది ఇది. డిసెంబరులో రెండు సెక్షన్ల పిల్లలను, 64 మందిని, గండికోటకు తీసుకెళ్లాం. బస్సు ఎక్కకముందే చెప్పాను: కోటలో మీరు కళ్లతో చూసింది రాయండి, అక్కడ ఎవరినైనా ఒకరిని అడిగి తెలుసుకున్నది రాయండి, చేత్తో ఒక బొమ్మ గీయండి. ఇంగ్లీషులో రెండు పేజీలు చాలు. చూసినదానికి ఎనిమిది, అడిగినదానికి నాలుగు, బొమ్మకు నాలుగు, భాషకు నాలుగు. మొత్తం ఇరవై. ఈ లెక్క బోర్డు మీద రాసి నోటు పుస్తకాల్లో ఎక్కించుకోమన్నాను కూడా.

వారం తర్వాత ప్రాజెక్టులు వచ్చాయి. చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. స్పైరల్ బైండింగు, కలర్ ప్రింటు, పైన ప్లాస్టిక్ అట్ట. 64లో 31 ప్రాజెక్టులు ఒకే వాక్యంతో మొదలయ్యాయి: గండికోట భారతదేశపు గ్రాండ్ కాన్యన్. ఆ మాట అందరూ అనేదే, తప్పేం కాదు. కానీ గ్రాండ్ కాన్యన్ చూసిన పిల్లలు ఆ 31 మందిలో ఒక్కరూ లేరు. పెన్నా లోయ అంచున నిలబడి, కింద నీళ్లు ఎంత చిన్నగా కనపడుతున్నాయో చూసి అరిచినవాళ్లు 64 మందీ ఉన్నారు. ఆ అరుపు ఒక్క కాగితంలో కూడా లేదు. నాలుగింటిలో జామియా మసీదు అని రాసి, పైన ఇంకేదో ఊరి కోట ఫోటో అతికించారు. నెట్ సెంటర్ వాళ్ల తొందర అనుకుంటాను.

నేను ఉన్నది ఉన్నట్టు మార్కులు వేశాను. ఎక్కువ వచ్చింది 17. తక్కువ వచ్చింది 6. ఇరవైకి ఇరవై ఎవరికీ రాలేదు.

ఆ 17 వచ్చిన అబ్బాయి ఇంగ్లీషు బాగుండదు. భాషకు నాలుగులో రెండే ఇచ్చాను. వాళ్ల ఊరు గండికోట రిజర్వాయరు కింద మునిగిన ఊళ్లలో ఒకటి. 26.85 టీఎంసీల రిజర్వాయరు అని మనం జనరల్ నాలెడ్జి బిట్టు చెప్పిస్తాం కదా, ఆ అంకెలో వీళ్ల ఇల్లు ఉంది. 2020లో ఊరు ఖాళీ చేసి వచ్చారు. కోట గోడ మీద నుంచి వాళ్ల ఊరు ఏ దిక్కున ఉండేదో చూపించమని అక్కడి కాపలా పెద్దాయనను అడిగాడట. ఆయన చెప్పింది రాశాడు. ధాన్యాగారం బొమ్మ గీశాడు. చివర్లో రెండు వాక్యాలు: "ఫోర్ట్ ఈజ్ హై, సో ఇట్ ఈజ్ దేర్. అవర్ హౌస్ ఈజ్ లో, సో ఇట్ ఈజ్ నాట్ దేర్." టెన్సు తప్పు అని ఎర్ర ఇంకుతో గీత గీయాలి. గీశాను కూడా. గీసి చాలాసేపు ఆ కాగితం పక్కన పెట్టలేకపోయాను.

ఇక మీటింగులో ఎర్రగుంట్ల రోడ్డులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న ఒక తండ్రి నా ఎదురుగా కూర్చున్నారు. వాళ్ల పాపకు 11 వచ్చాయి. ఆయన కోపంగా లేరు, నిజంగానే అర్థం కాక అడిగారు. "పబ్లిక్ పరీక్షలో మార్కులంటే ఎవరో దిద్దుతారు, మన చేతిలో ఉండదు. ఇవి మీ చేతిలో ఉండే మార్కులే కదా మేడం. ఇచ్చేస్తే ఏం పోతాది?"

ఏం పోతుందో నాకు తెలుసు. ఎందుకంటే ఒకసారి పోగొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

2011లో నేను పదో తరగతి రాశాను. 600కు ఎన్ని అన్నదే లెక్క. మా తమ్ముడు 2013లో రాసేసరికి గ్రేడ్లు వచ్చేశాయి. 2012 ఫలితాల నుంచి మార్కుల బదులు ఏ1 నుంచి ఈ దాకా గ్రేడ్లు, పదికి జీపీఏ. పిల్లల మధ్య ఒక్క మార్కు కోసం కొట్లాట తగ్గాలని ఆ పద్ధతి తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ లెక్క చూడండి. 92 నుంచి 100 దాకా ఏ1, అంటే పది పాయింట్లు. 83 నుంచి 91 దాకా ఏ2, తొమ్మిది పాయింట్లు. హిందీని పక్కన పెట్టి మిగతా ఐదు సబ్జెక్టులే తీసుకుంటే, అన్నిట్లో వందకు వంద తెచ్చుకున్న పిల్లకు 500. అన్నిట్లో 92 తెచ్చుకున్న పిల్లకు 460. ఇద్దరికీ పదికి పదే. అన్నిట్లో 91 తెచ్చుకున్న పిల్లకు 455. ఆ పిల్లకు తొమ్మిది. నలభై మార్కుల తేడాకు ఏమీ లేదు, ఐదు మార్కుల తేడాకు ఒక పాయింటు పోయింది. కొట్లాట ఆగలేదు, గీత దగ్గరికి మారింది. ఊరూరా ఫ్లెక్సీల మీద పదికి పది తెచ్చుకున్న పిల్లల ముఖాలు వచ్చాయి.

తర్వాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. మన రాష్ట్రంలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు అది 2017 మార్చి నుంచి. పరీక్షకు 80 మార్కులు, స్కూలు చేతిలో 20. ఆ ఇరవై దేనికి? పిల్లవాడు చదివిన పుస్తకం గురించి చెప్పగలడా, చేసిన ప్రాజెక్టు ఏంటి, తరగతిలో ఎలా పాల్గొంటాడు, ఇలాంటివాటికి. రెండున్నర గంటల పరీక్షలో ఎక్కడో కూర్చుని పేపరు దిద్దే మనిషికి కనపడనిది, ఏడాదంతా చూసే టీచరుకు కనపడుతుంది కాబట్టి అది రాసే హక్కు టీచరుకు ఇచ్చారు. నా లెక్కలో మా వృత్తికి ఇచ్చిన పెద్ద గౌరవాల్లో అది ఒకటి.

బీఈడీ అయ్యాక నా మొదటి ఉద్యోగం 2018-19లో. ఇక్కడ కాదు, వేరే చోట. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఇంటర్నల్ మార్కుల షీట్లు పంచారు. నేను కొత్తదాన్ని, పిల్లల నోటు పుస్తకాలు ముందేసుకుని 14, 16, 12 అని వేసుకుంటూ పోతున్నాను. పక్కనున్న సీనియర్ మేడం నా షీటు చూసి, "ఏం తల్లీ, పిల్లోళ్ల మీద కోపమా?" అని నవ్వింది. పక్క స్కూలు అందరికీ ఇరవై వేస్తుంటే మనం పన్నెండు వేస్తే, నష్టపోయేది మన పిల్లలే కదా అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంటర్నల్స్‌లో ఇరవై ఉంటే పరీక్షలో 80కి 72 చాలు, ఏ1 వచ్చేస్తుంది. పన్నెండు ఉంటే 80కి 80 రావాలి. నేను కొత్త షీటు తీసుకుని అందరికీ 19, 20 వేశాను. ఒక్క 18 కూడా ఉంది, అనుమానం రాకుండా. అలా ఆ రోజు అరగంటలో ఇల్లు చేరాను.

ఎవరూ నన్ను బెదిరించలేదు. అందుకే ఇది ఇంకొకరి తప్పని చెప్పుకోలేను.

2019 అక్టోబరులో ప్రభుత్వం ఆ ఇరవై మార్కులు తీసేసింది. ప్రైవేటు స్కూళ్లలో ఇంటర్నల్స్ ఇష్టానుసారం వేస్తున్నారన్నది అప్పుడు అందరి నోటా వినపడ్డ మాట. వందకు వందా పబ్లిక్ పరీక్షకే వెళ్లిపోయాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు అన్యాయం అనిపించలేదు. సిగ్గనిపించింది.

కథ అక్కడితో ఆగలేదు. కోవిడ్ వచ్చి 2020లో, 2021లో పబ్లిక్ పరీక్షలే జరగలేదు. గ్రేడ్లు ఎక్కడి నుంచి తేవాలి? స్కూళ్లలో అంతకుముందు పెట్టిన పరీక్షల మార్కుల్లోంచే తీశారు. ఎవరి మార్కులు నమ్మకూడదని ఏడాది ముందే పక్కన పెట్టారో, ఆ మార్కుల మీదే లక్షల మంది పిల్లల సర్టిఫికెట్లు నిలబడ్డాయి. మేం నిజం రాసి ఉంటే ఆ రోజు అవి ఎంత విలువైన కాగితాలు అయ్యుండేవో అనిపిస్తుంది. 2022లో పరీక్షలు మళ్లీ పెట్టారు, గ్రేడ్లు పోయి మార్కులు తిరిగొచ్చాయి. ఆ ఏడు పాసైంది 67.26 శాతం. దాదాపు రెండు లక్షల మంది ఫెయిల్. వాళ్లలో చాలామంది ప్రోగ్రెస్ కార్డుల్లో అంతకుముందు రెండేళ్లూ ఏం రాసి ఉంటుందో ఊహించుకోండి. ర్యాంకుల ప్రకటనలు వేయకూడదని ఉత్తర్వు వచ్చింది కూడా ఆ ఏడాదే. మన గేటు బయటి ఫ్లెక్సీల గురించి నేనేం మాట్లాడను, ఈ పత్రిక అచ్చయ్యేది కూడా ఆ ఆఫీసులోనే.

ర్యాంకుల పిచ్చి కార్పొరేట్ స్కూళ్లే తెచ్చాయని అనేవాళ్లకు మాత్రం ఒక మాట. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని వీధి బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. అప్పటి బళ్లారి జిల్లా అంటే మన తాడిపత్రి, గుత్తి కూడా అందులోవే. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క రాశాడు. పొద్దున బడికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవాళ్లట. రెండో వాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు, అలా వెనకాల వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. రెండొందల ఏళ్ల కింద కూడా రెండో ర్యాంకు అంటే సున్నే అన్నమాట! కానీ ఆ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. ముందు ఎవరు వచ్చారో బడిలో అందరూ చూస్తారు. పంతులు ఇష్టం వచ్చినవాడి చేతిలో సరస్వతి అని రాయలేడు.

నేను చదివింది సిస్టర్లు నడిపే హైస్కూల్లో. కర్నూల్లో కోల్స్ మెమోరియల్, నంద్యాలలో ఎస్పీజీ లాంటి మిషన్ హైస్కూళ్ల పేర్లు మీ ఇళ్లలో పెద్దవాళ్లకు బాగా తెలిసే ఉంటాయి. అలాంటి బడే మాది కూడా, ఇంకో ఊళ్లో. క్రైస్తవ బడి అయినంత మాత్రాన పదో తరగతి గట్టెక్కే నియమం వేరుగా ఏమీ ఉండదు. జిల్లా పరిషత్ హైస్కూలుకు, మిషన్ హైస్కూలుకు, మనకు ఒకటే బోర్డు, ఒకటే కొలత: ప్రతి సబ్జెక్టులో 35, హిందీలో 20. బడి సొంతంగా పెట్టుకున్నది ఒక్కటే, వారానికి రెండు పీరియడ్లు. క్యాథలిక్ పిల్లలు ఒక గదిలో సత్యోపదేశానికి వెళ్లేవాళ్లు, మేం మోరల్ సైన్స్‌కు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలకు మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది, సిస్టర్లు ఆ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండేవాళ్లు.

ఆ మోరల్ సైన్స్‌కు పరీక్ష ఉండేది, కార్డులో గడి ఉండేది. కానీ ఆ గడి టోటల్ గీతకు కింద. అందులోవి కూడేవాళ్లు కాదు, ర్యాంకుకు లెక్కలోకి రావు. మార్కు పక్కన క్లాస్ టీచరు చేత్తో ఒకటి రెండు వాక్యాలు రాయాలి. ఎనిమిదో తరగతిలో నా కార్డులో ఇలా ఉంది: "సొంతంగా చేయగలదు. అయినా పక్కవాళ్లది చూసి రాస్తుంది." మా అమ్మ ఆ కార్డు మీద సంతకం పెట్టకుండా రెండు రోజులు దేవుడి గూట్లో పెట్టింది. ఆ ఏడాది సోషల్‌లో నాకు ఎన్ని వచ్చాయో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ రెండు వాక్యాలు మాత్రం మర్చిపోలేదు.

ఇన్నేళ్ల తర్వాత, ఆ టేబుల్ వెనక నేను కూర్చున్నాక, ఒక సంగతి అర్థమైంది. ఆ కార్డు మొత్తంలో టీచరు వెనకాముందూ చూడకుండా రాసిన గడి అదొక్కటే. ఎందుకంటే దాని మీద ఏమీ ఆధారపడలేదు. సీటు లేదు, ర్యాంకు లేదు, పక్క స్కూలుతో పోటీ లేదు. ఇంటర్నల్స్ ఇరవై మార్కులను టోటల్‌లో కలిపిన రోజే వాటికి విలువ వచ్చింది, ఆ విలువే వాటిని తినేసింది.

మోరల్ సైన్స్ పీరియడ్‌లో వెనక బెంచీ వాళ్లు నిద్రపోయేవాళ్లన్నది కూడా నిజమే. లెక్కలోకి రాని దానికి పిల్లలు ఎందుకు కష్టపడతారు అని మీరు అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయినా నిద్రపోయినవాడి కార్డులో "నిద్రపోతాడు" అని రాసి ఉండేది. అందరికీ ఇరవై వేసిన కార్డు చూస్తే ఎవరు మేలుకుని ఉన్నారో కూడా తెలియదు.

మా జేజినాయన ట్రంకు పెట్టెలో ఆయన ఎస్సెల్సీ పుస్తకం ఉండేది. సర్టిఫికెట్ కాదు, పుస్తకమే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911లో మొదలైన పద్ధతి అది. అంతకుముందు ఉన్న మెట్రిక్యులేషన్ అంటే యూనివర్సిటీ పెట్టే ఒక్క పరీక్ష, అందులో తప్పితే అంతే. ఎస్సెల్సీలో బడిలో వచ్చిన మార్కులు, హెడ్మాస్టరు సంతకం, పబ్లిక్ పరీక్ష మార్కులు అన్నీ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఎక్కించేవాళ్లు. మొదట్లో పాస్, ఫెయిల్ అని ప్రకటించడం ఉండేది కాదు. ఆ మార్కులు చూసి కాలేజీలో చేరడానికి అర్హులా కాదా అని తేల్చేవాళ్లు. మా జేజినాయన "పాసైనా" అని ఎప్పుడూ అనలేదు, "నాకు ఎలిజిబుల్ వచ్చింది" అనేవాడు. చిన్నప్పుడు నాకది పాత మనుషుల ఇంగ్లీషు అనిపించి నవ్వొచ్చేది. బడి ఒక మాట చెప్పాలి, పరీక్ష ఒక మాట చెప్పాలి, రెండూ ఒకదాని పక్కన ఒకటి కనపడాలి అన్నది కొత్త ఆలోచన కాదని చెప్పడానికి ఈ సంగతి ఎత్తాను.

ఇంకో వైపు కూడా చూద్దాం. మా పెదనాయన కూతురు, అక్క, టెక్సాస్‌లో ఉంటుంది. వాళ్లబ్బాయిని క్యాథలిక్ హైస్కూల్లో చేర్చింది. అక్కడ మన పబ్లిక్ పరీక్ష లాంటిది లేదు. సబ్జెక్టుకు ఇన్ని క్రెడిట్లు అని నాలుగేళ్లలో పూర్తి చేయాలి, మతం క్లాసు ప్రతి ఏడాదీ ఉంటుంది, సమాజసేవ ఇన్ని గంటలు చేశాడని సంతకాలు చూపించాలి. గ్రేడు మొత్తం టీచరు చేతిలోనే. నేను ఆశగా "అయితే టీచరు మాటకు అక్కడ విలువ ఉందన్నమాట" అన్నాను. అక్క నవ్వి, "బీ వచ్చిన రోజు రాత్రి టీచరుకు మెయిల్ పెట్టే తల్లిదండ్రుల్లో నేనూ ఒకదాన్నేలే" అంది. సముద్రం దాటినా మన గుణం ఎక్కడికి పోతుంది!

మళ్లీ పాలిష్ ఫ్యాక్టరీ సార్ దగ్గరికి వస్తాను. నేను తెలివిగా మాట్లాడుతున్నాననుకుని ఆయన్ను ఒకటి అడిగాను. "సార్, పగులున్న రాయిని ఫస్ట్ క్వాలిటీ అని బిల్లు రాసి ఇస్తారా మీరు?" ఆయన వెంటనే "ఇస్తే రెండోసారి వాడు నా గేటు తొక్కుతాడా మేడం?" అన్నారు. గెలిచాననుకున్నాను. ఆయన కాసేపు ఆగి, "కానీ రాయికి బాధ ఉండదు. మా పాప రెండు రోజులు సరిగా అన్నం తినలే" అన్నారు. దానికి నేనేం చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. నిజం రాయడం నా పని, నిజమే. ఆ నిజాన్ని 11 అనే అంకెలా ఇంటికి పంపి, పక్కన ఒక్క ముక్క కూడా రాయకపోవడం మాత్రం నా తప్పు. ఆ పాప చూసినదానికి నాలుగు, అడిగినదానికి ఒకటి, బొమ్మకు రెండు, భాషకు పూర్తి నాలుగు. ఈ లెక్క నా నోట్సులో ఉంది, కార్డులో లేదు. ఇంగ్లీషు అంత బాగా రాసే పిల్ల కోటలో ఎవరినీ పలకరించడానికి సిగ్గుపడిందని ఇంట్లో వాళ్లకు తెలిస్తే, అన్నం మానేయాల్సిన విషయంలా కనపడేది కాదేమో.

అందుకని ప్రిన్సిపాల్ సార్‌కు రెండు విషయాలు రాసిచ్చాను. ప్రాజెక్టుల ఇరవై మార్కులను మన కార్డులో టోటల్‌లో కలపొద్దు, గీత కింద వేరే గడిలో వేద్దాం. ఆ గడిలో అంకెతో పాటు ఆ సబ్జెక్టు టీచరు రెండు వాక్యాలు చేత్తో రాయాలి, కంప్యూటర్లో ఉన్న "గుడ్, కీప్ ఇట్ అప్" లాంటివి చెల్లవు. రెండోది, ప్రాజెక్టు మళ్లీ రాసి తెచ్చుకునే అవకాశం ప్రతి పిల్లకూ ఒకసారి ఉండాలి. సార్ కాదనలేదు, ఔననలేదు. 64 మందికి రెండేసి వాక్యాలు ఎవరు రాస్తారు మేడం, సిలబస్ ఎప్పుడు అవుతుంది అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో పిల్లకు మూడు నిమిషాలు అనుకున్నా మూడు గంటల పైన పని. నేను రాయడానికి సిద్ధం. మిగతా టీచర్లందరి తరఫున ఆ మాట ఇవ్వలేను.

మీ తరఫున కూడా నేను మాట ఇవ్వలేను. గీత కింద వేసిన మార్కును పక్కింటి పిల్ల మార్కుతో పోల్చి చూడకుండా ఉంటారా? "చూసి రాస్తుంది" అని నేను రాసి పంపితే, నా మీద కంప్లైంట్ రాకుండా ఉంటుందా? రెండేళ్ల తర్వాత అడ్మిషన్ల సీజన్లో, "ఆ స్కూల్లో మార్కులు తక్కువ వేస్తారంట" అని ఊళ్లో మాట వస్తే మేనేజ్‌మెంట్ తట్టుకుంటుందా? ఫీజు కట్టే మీరు ఏది అడిగితే స్కూలు చివరికి అదే ఇస్తుంది. ఇన్నేళ్లూ మీరు అడిగింది ఇరవై, మేం ఇచ్చింది ఇరవై.

మార్చి నాటికి ఈ పిల్లలు పదో తరగతిలోకి వచ్చేస్తారు. ఆ తర్వాత పబ్లిక్ పరీక్ష, దిద్దేది ఎవరో మనకు తెలియదు, మన పిల్ల సిగ్గరి అని వాళ్లకు తెలియదు. తొమ్మిదో తరగతిలో నేను వేసే మార్కుతో ఏ సీటూ పోదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఇంతకంటే మంచి ఏడాది లేదు.

పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ల పాప సోమవారం పొద్దున ప్రేయర్‌కు ముందే వచ్చి కొత్తగా రాసిన రెండు పేజీలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. ఆదివారం వాళ్ల నాయన మోటార్ సైకిల్ మీద మళ్లీ గండికోటకు తీసుకెళ్లారట. నేను ఇంకా దిద్దలేదు, మొదటి వాక్యం మాత్రం చదివాను. మాధవరాయ స్వామి గుడి దగ్గర మేకలు కాసే ఒక అవ్వతో మొదలైంది.

మొత్తం 64 ప్రాజెక్టులూ స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్క ర్యాకులో ఉన్నాయి, నేను వేసిన మార్కుల విడి లెక్క కాగితాలతో సహా. వచ్చే శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా నేను అక్కడే ఉంటాను. మీ పిల్లది మీరు చదవండి. మళ్లీ రాసి తేవాలనుకునేవాళ్లు ఆ రోజే పేరు ఇవ్వొచ్చు.